రాజమండ్రిలో ఒక రోజు ఖాళీగా ఉంచాం, ఎలా గడపమంటారు?

ఇందూరు అమ్మాయి · జనవరి 17, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది నిజామాబాద్. అమ్మ, పెద్దమ్మ, మావారు, పదకొండేళ్ళ మా పాప, నేను కలిసి పంచారామాలకి బయలుదేరుతున్నాం. అమరావతి, భీమవరం, పాలకొల్లు చూసుకుని 22 రాత్రికి రాజమండ్రి చేరతాం. 24 పొద్దున్న ద్రాక్షారామం, అక్కణ్ణుంచి సామర్లకోట, ఆ తర్వాత ఇంటికి. మధ్యలో 23వ తేదీ కావాలనే ఖాళీగా ఉంచాను.

ఎందుకంటే పోయినేడాది తమిళనాడు వెళ్ళి ఆరు రోజుల్లో పద్దెనిమిది గుళ్ళు చూశాం. ఇంటికొచ్చాక ఏ గుడి బాగా నచ్చిందని అమ్మని అడిగాను. "అన్నీ కలిసిపోయాయే, చెప్పులు విప్పడం, వేసుకోవడమే గుర్తుంది" అంది. అమ్మకి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పాపం ఒక్కసారి కూడా "ఇక చాలు" అనలేదు, నేనూ అడగలేదు. ఈసారి అలా జరగకూడదు.

ఇంకో సంగతి. అమ్మ పుట్టింది బాసర దగ్గర ఊళ్ళో. చిన్నప్పటినుంచీ గోదావరి చూసింది గానీ దిగువన ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఎక్కువ నడక లేకుండా, హడావుడి లేకుండా రోజంతా ఎలా గడపొచ్చో ఊరి వాళ్ళు చెప్పండి. పాపకి బొమ్మలు వేయడం ఇష్టం. మావారికి తిండి మీద ఇష్టం.

శివయాత్రి · జనవరి 17, రాత్రి 9:52

అమ్మా, నా సలహా వేరు. కార్తీకమాసంలో ఆర్టీసీ బస్సుల్లో ఐదు ఆరామాలూ ఒక్క రోజులో చేసి వచ్చే భక్తులు వేలమంది. మీరు 23నే ద్రాక్షారామం, సామర్లకోట పూర్తి చేసుకుంటే 24న పిఠాపురం, అన్నవరం కూడా కలుస్తాయి. అంత దూరం నుంచి వస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు వస్తారో! పెద్దవాళ్ళకి ఓపిక ఉన్నప్పుడే చూపించాలి.

గట్టుమీద · జనవరి 17, రాత్రి 10:30

శివయాత్రి గారూ, మీ భక్తికి నమస్కారం. కానీ ఆవిడ మొదటే కారణం చెప్పారు కదండీ. ఆ రోజుని ఖాళీగానే ఉండనివ్వండి.

ఇందూరు అమ్మాయి గారూ, నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను, రోజూ సాయంత్రం గట్టు మీదే నా కాలక్షేపం. రాజమండ్రి తిరిగి చూసే ఊరు కాదండి, కూర్చుని చూసే ఊరు. చాలామంది పాపికొండలు వెళ్ళడానికి రాత్రి దిగి, తెల్లారి బస్సెక్కి పోతారు. ఊరు చూడనే చూడరు.

ముందు ఒక మాట. జనవరిలో ఇక్కడ నది నిండుగా ఉంటుంది. మీ అమ్మగారు ఆశ్చర్యపోతారు. వానల్లేని రోజుల్లో ఇంత నీరెక్కడిదని అందరూ అడుగుతారు. కింద ధవళేశ్వరం దగ్గర బ్యారేజి గేట్లు దించి ఉంటాయి కాబట్టి నీళ్ళు వెనక్కి నిలబడి ఊరి ముందు చెరువులా కనిపిస్తాయి. అదే బ్యారేజికి అవతల చూస్తే ఇసుక తిన్నెలే. ఒకే నదికి రెండు ముఖాలు, అరగంట ప్రయాణంలో రెండూ చూడొచ్చు.

పొద్దున్నే పుష్కర ఘాట్‌కి రండి. తెల్లవారుజామునే అక్కర్లేదు, ఏడింటికి చాలు. అప్పుడు మంచు విడుతూ ఉంటుంది, వంతెనలు ఒక్కొక్కటే బయటపడతాయి. పాత రైలు వంతెన, అంటే హేవలాక్ వంతెన, 1900లో తెరిచారు. స్తంభాల మధ్య 56 ఖానాలు. 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు. దాని పక్కనే విల్లులు వరసగా పెట్టినట్టుండేది ఆర్చి వంతెన, 28 విల్లులు. ఎగువన ఉన్నది 1974 నాటి రోడ్డు-కమ్-రైలు వంతెన, పైన బస్సులు, కింద రైళ్ళు. పాపకి లెక్కపెట్టుకునే పని దొరుకుతుంది.

పాత వంతెన మీద డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి ఒక ముక్క చెప్తాను. రైలు ఆ వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోయేది. ఇనుప గర్డర్ల మధ్య గణగణమని మోగేది. పెట్టెలో పడుకున్నవాళ్ళు లేచి కిటికీలోంచి చిల్లర నీళ్ళలోకి విసిరేవారు. ఇప్పుడు ఆర్చి వంతెన కాంక్రీటుది, చప్పుడు మెత్తగా ఉంటుంది. నాకు మాత్రం ఆ పాత చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

అట్లపెనం · జనవరి 17, రాత్రి 11:05

తిండి సంగతి నాకు వదిలేయండి. పొద్దున్న పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. దిబ్బరొట్టె కనిపిస్తే వదలకండి. మినప్పిండి మందంగా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద కాలుస్తారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. అది తొందరలో అయ్యే వంట కాదు. ఆర్డరిచ్చి ఇరవై నిమిషాలు కూర్చోండి, ఆ రోజు మీకు తొందరేముంది?

మధ్యాహ్నం భోజనంలో కందబచ్చలి ఉందేమో అడగండి. ఎండెక్కాక మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్. ఈ ఊరి రోజ్‌మిల్క్‌కి తరాలుగా పేరుంది, చల్లగా, పైన మీగడతో ఇస్తారు.

పులస మాత్రం అడక్కండి. అది వరద నీళ్ళకి ఎదురీది వచ్చే చేప, వానాకాలంలోనే దొరుకుతుంది. జనవరిలో ఎవరైనా పులసని అమ్మజూపితే నమ్మొద్దు.

ఇప్పుడు తేగల కాలం. అది మాత్రం తప్పకుండా తినండి.

ఇందూరు అమ్మాయి · జనవరి 18, ఉదయం 6:40

గట్టుమీద గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. చిల్లర విసిరే దగ్గర నవ్వింది. మా తాతయ్య కూడా బాసర వంతెన మీద అలాగే వేసేవాడట.

అట్లపెనం గారూ, మావారు మీ పోస్టు నాలుగుసార్లు చదివారు.

కోనసీమ బుల్లోడు · జనవరి 18, ఉదయం 8:15

ఆయ్, మా సైడు కూడా ఓసారి రండి మరి. ఒక రోజుంటే రావులపాలెం మీదుగా ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, అయినవిల్లి వినాయకుడు, మురమళ్ళ, అప్పనపల్లి అన్నీ అయిపోతాయండి. అంతర్వేదిలో గోదారి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు చూపించొచ్చు. అమ్మగారు గోదారి చివర చూడాలన్నారు కదా.

ప్రయాణప్రియ · జనవరి 18, ఉదయం 8:50

బుల్లోడు తమ్ముడూ, అది విశ్రాంతి రోజు అవదు కదా! అంతర్వేది వెళ్ళి రావడానికే కారులో పూట గడిచిపోతుంది. మీ కోనసీమకి విడిగా రెండు రోజులు పెట్టుకుని రావాలి. తొందరగా చూస్తే అక్కడి కొబ్బరితోటలకి అన్యాయం.

నేను యాత్రల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడు రోజులకొకసారి ఒక రోజు సూట్‌కేసు ముట్టుకోను. లాడ్జి మారను. ఉతికిన బట్టలు ఆరేస్తాను. మధ్యాహ్నం పడుకుంటాను. మందులు, టికెట్లు, డబ్బు ఒకసారి సర్దుకుంటాను. ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి గానీ, యాత్రలో గొడవలన్నీ నాలుగో రోజు, ఐదో రోజే మొదలవుతాయి. అందరూ అలిసిపోయి ఉంటారు. ఎవరూ ఒప్పుకోరు.

అక్కా, ఒక జాగ్రత్త. లాడ్జిలో గది ఇరవై నాలుగు గంటల లెక్కో, మధ్యాహ్నం పన్నెండు లెక్కో దిగేటప్పుడే అడగండి. రెండు రాత్రులు ఉంటామని కాగితం మీద రాయించుకోండి.

కోనసీమ బుల్లోడు · జనవరి 18, ఉదయం 9:02

నిజమేనండి. అయితే రెండు రోజులు పెట్టుకునే రండి. అప్పుడు పొట్టిక్కలు తినిపిస్తాం, పనసాకు బుట్టల్లో పోసి ఆవిరి మీద వండిన ఇడ్లీలు.

చిత్రలేఖ · జనవరి 18, మధ్యాహ్నం 1:30

పాపకి బొమ్మలు ఇష్టమన్నారు కాబట్టి రాస్తున్నాను. స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని.

గోదావరి గట్టు రోడ్డులో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. తప్పకుండా తీసుకెళ్ళండి. ఆయన 1897లో ఈ ఊళ్ళోనే పుట్టారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఆ కుర్రాడి చేతిలో ఏముందో గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. తిరిగొచ్చి ఊళ్ళోనే కుర్రాళ్ళకి చిత్రకళ నేర్పారు. 1925లో మశూచి వచ్చి పోయారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలో వేసిన బొమ్మలు మన ఎదురుగా ఉంటాయి.

నా విద్యార్థులకి ఎప్పుడూ ఒకటే చెప్తాను. గ్యాలరీ అంతా తిరగొద్దు. ఒక్క బొమ్మ ఎంచుకుని పది నిమిషాలు దాని ముందు నిలబడండి. ఆయన గీత చాలా సన్నం. చీర కుచ్చిళ్ళు ఎక్కడ ఆగి ఎక్కడ మడత పడ్డాయో, చెయ్యి ఎలా వంగిందో చూస్తే చాలు. పాపకి ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇవ్వండి. ఫోటోలు తీసుకోనిస్తారో లేదో లోపల అడగండి, గీసుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. సెలవు ఏ రోజో, ఎన్నింటికి మూస్తారో లాడ్జి వాళ్ళనడిగి కనుక్కుని బయలుదేరండి.

ఓపికుంటే వంకాయలవారి వీధిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు కూడా. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. ఆ పెళ్ళికి ఊరంతా ఎదురు తిరిగినా ఆయన ఆగలేదు. ఆడపిల్లల తల్లులెవరైనా ఆ గుమ్మం ఒకసారి చూడాలని నాకనిపిస్తుంది.

శివయాత్రి · జనవరి 18, సాయంత్రం 6:10

సరే, మీ ఇష్టం మీది. ఒక ఉపయోగపడే మాట చెప్తాను. ద్రాక్షారామంలోనూ సామర్లకోటలోనూ శివలింగం రెండంతస్తుల ఎత్తు. కింద పాదభాగం దర్శించుకుని, మెట్లెక్కి పైన శిరోభాగం దర్శించుకోవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ మెట్లే కష్టం. పొద్దున్నే రద్దీ లేనప్పుడు వెళ్ళి నెమ్మదిగా ఎక్కించండి. కిందటిసారి మా అమ్మగారు ద్రాక్షారామంలో ఎక్కారు గానీ, సామర్లకోట చేరేసరికి కాళ్ళు కదల్లేదు. కిందే దండం పెట్టుకుని వచ్చేశారు. ఆవిడ ఇప్పుడు లేరు.

గట్టుమీద · జనవరి 18, సాయంత్రం 6:40

శివయాత్రి గారూ, మీరు చెప్పిన ఆ మెట్ల సంగతి చాలా ముఖ్యమైందండి. ముందు రోజు కాళ్ళకి విశ్రాంతి దొరికితే ఆ అమ్మగారు రెండు చోట్లా పైకి ఎక్కగలరు. మీ అమ్మగారి దర్శనం కింది నుంచే అయినా పూర్తయినట్టే. బెంగ పెట్టుకోకండి.

కడియం మొక్క · జనవరి 18, రాత్రి 8:00

మాది కడియపులంక, నర్సరీ కుటుంబం. 23న మా ఊరు రావద్దు. 24న ద్రాక్షారామం వెళ్ళేటప్పుడు కడియం, ద్వారపూడి, మండపేట, రామచంద్రపురం మీదుగా కాలవగట్టు రోడ్డులో వెళ్తే మా నర్సరీలు దారిలోనే తగులుతాయి. తాపేశ్వరం కూడా ఆ రోడ్డు మీదే, మడతకాజా అక్కడే కొనుక్కోవచ్చు. దానికోసం ముందు రోజు ఎవరూ ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు.

పొద్దున్న ఏడున్నర ఎనిమిదింటికి వస్తే అంట్లు కట్టే పని చూడొచ్చు, పాపకి నచ్చుతుంది.

నిర్వాహకుడు · జనవరి 18, రాత్రి 8:20

ఇద్దరు సభ్యులు ఫోన్ నంబర్లు పెట్టారు, తీసేశాను. డ్రైవర్ల నంబర్లు, లాడ్జీల నంబర్లు ఇక్కడ బహిరంగంగా పెట్టకండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

గట్టుమీద · జనవరి 19, ఉదయం 7:15

ధవళేశ్వరం గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు, అది నా పని.

ఊరి నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. ఎండ తగ్గాక, నాలుగు ప్రాంతంలో వెళ్ళండి. 1832-33లో డొక్కల కరువు వచ్చింది. పక్కనే ఇంత పెద్ద నది పారుతూ ఉంటే జనం ఆకలితో చచ్చిపోయారు. వరదలొస్తే మునగడం, వానలు లేకపోతే ఎండడం, అప్పటి గోదావరి జిల్లా బతుకు అదీ. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. నది అక్కడ లంకలతో నాలుగు పాయలుగా ఉంటుంది. అందుకే ఆనకట్ట కూడా నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఇప్పుడున్నది ఆ పాతదాని స్థానంలో కట్టిన బ్యారేజి, 175 గేట్లు. దాదాపు పది లక్షల ఎకరాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి. మీరు తినే కోనసీమ కొబ్బరి, మండపేట బియ్యం, కడియం పూలు అన్నీ ఇక్కడి నుంచి పారే నీళ్ళే.

డెల్టాలో ఊరూరా గుర్రమ్మీద కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. ఇప్పటికీ కొందరు పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని తలుస్తారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట నమూనాలు, పాత పనిముట్లు చూడొచ్చు.

అమ్మగారికి చూపించాల్సిందేమిటంటే, గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలేది అక్కడే. సముద్రం దాకా వెళ్ళక్కర్లేదు. "ఇక్కణ్ణుంచి రెండు దార్లమ్మా, ఒకటి యానాం వైపు, ఒకటి అంతర్వేది వైపు" అని చెప్పండి.

సాయంత్రానికి మళ్ళీ పుష్కర ఘాట్‌కి వచ్చేయండి. మన ఊరు నదికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దు కొవ్వూరు వైపు నీళ్ళలోకి దిగుతుంది. చీకటి పడుతుండగా గోదావరి హారతి ఇస్తారు. అరగంట ముందే వచ్చి పక్క మెట్ల మీద కూర్చోండి. పై మెట్టు నుంచైనా బాగానే కనిపిస్తుంది, కిందికి దిగక్కర్లేదు. పడవ ఎక్కాలనిపిస్తే లైఫ్ జాకెట్ ఇచ్చేవాళ్ళదే ఎక్కండి.

ఇందూరు అమ్మాయి · జనవరి 19, రాత్రి 9:00

అందరికీ చేతులెత్తి దండం. పొద్దున్న ఘాట్, తర్వాత గ్యాలరీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ధవళేశ్వరం, హారతి. ఇంతే. ఇంకేమీ కలపను. తిరిగొచ్చాక రాస్తాను.

ప్రయాణప్రియ · జనవరి 26, సాయంత్రం 5:10

ఇందూరు అక్కా, ఎలా జరిగింది?

ఇందూరు అమ్మాయి · జనవరి 27, రాత్రి 10:15

నిన్ననే ఇల్లు చేరాం. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఇబ్బంది చెప్పేస్తాను. ప్రయాణప్రియ చెల్లీ, మీరన్నట్టే అయింది. లాడ్జిలో రెండు రాత్రులని నోటితో చెప్పాం గానీ రాయించలేదు. 22 రాత్రి దిగితే, 23 పొద్దున్న పదింటికి కౌంటర్లో ఉన్నాయన గది ఖాళీ చేయాలన్నాడు, ఇంకొకరికి ఇచ్చారట. మావారు గంటసేపు మాట్లాడితే చివరికి పై అంతస్తులో వేరే గది ఇచ్చారు. లిఫ్టు లేదు. అమ్మ చెయ్యి పట్టుకుని రెండంతస్తులు ఎక్కించాం. విశ్రాంతి రోజున మొదటి పని అదైనందుకు నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. చదివేవాళ్ళు దయచేసి రాయించుకోండి.

ఆ గొడవకి ముందే, ఏడింటికి ఘాట్‌కి వెళ్ళాం. గట్టుమీద గారూ, మీరన్నట్టే మంచు. ముందు ఏమీ లేదు, తెల్లటి పరదా. రైలు చప్పుడు వినిపించింది, రైలు కనిపించలేదు. కాసేపటికి విల్లు పైభాగం ఒకటి తేలింది, తర్వాత ఇంకొకటి. పాప ఇరవై రెండు దాకా లెక్కపెట్టింది, అవతలి గట్టు దగ్గరవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. నేను ఎప్పుడూ "త్వరగా రా" అంటూ ఉండేదాన్ని, ఆ రోజు అనలేదు.

అమ్మ చివరి మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మతో, "మన ఊళ్ళో ఎండాకాలం రాళ్ళ మీద నడిచి అవతలికి పోయేవాళ్ళం గుర్తుందా, ఇక్కడ చూడు ఎంత సాగిపోయిందో" అంది. ఇద్దరూ చిన్నప్పటి సంగతులు మొదలుపెట్టారు. తాతయ్య పడవలో పసుపు బస్తాలు దాటించిన సంగతి, పెద్దమ్మ పెళ్ళికి రేవులో వాన ముంచెత్తిన సంగతి. వీటిలో సగం నేను ఎప్పుడూ వినలేదు. గంటన్నర కూర్చున్నాం.

గ్యాలరీలో పాప చిత్రలేఖ గారు చెప్పినట్టే చేసింది. పూలు అలంకరించుకుంటున్న ఆడవాళ్ళ బొమ్మ ముందు ఆగింది. నోటుబుక్కులో ఒక్క చెయ్యి మాత్రమే గీసింది, మణికట్టు వంపు కుదరక ఆరుసార్లు చెరిపింది. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే చనిపోయారని చెప్పాను. "అంటే మామయ్య కంటే చిన్నవాడా?" అని అడిగి మళ్ళీ వెళ్ళి ఆ బొమ్మ చూసొచ్చింది.

మధ్యాహ్నం భోజనంలో కందబచ్చలి దొరికింది, మావారు మూడుసార్లు వేయించుకున్నారు. తర్వాత అందరం పడుకున్నాం. అమ్మ రెండు గంటలు నిద్రపోయింది. యాత్రలో అమ్మ పగలు నిద్రపోవడం అదే మొదటిసారి.

లేచాక మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగి, దారిలో తంపటి వేసిన తేగలు కొన్నాం. మా వైపు ఇవి దొరకవు. అమ్మే ఆవిడే ఒలిచి చూపించింది. పైన పొర తీసి, నిలువునా రెండుగా చీల్చింది, మధ్యలో ఉన్న లేత భాగం తీసి పాప చేతిలో పెట్టి "ఇది చందమామమ్మా, ముందు ఇది తిను" అంది. పాప ఆ పేరు ఇంకా వదల్లేదు.

ధవళేశ్వరంలో అమ్మ ఆటో దిగి బ్యారేజి రెండు వైపులా చూసింది. ఇటు సముద్రంలా నీళ్ళు, అటు ఇసుక, ఇసుకలో సన్నటి పాయలు. గట్టుమీద గారు చెప్పిన మాటే చెప్పాను, ఇక్కణ్ణుంచి రెండు దార్లని. "ఎంత దూరం కలిసొచ్చి ఇక్కడ విడిపోయింది" అంది. నాన్న పోయి మూడేళ్ళు. నేనేమీ అనలేకపోయాను. చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

హారతికి పై మెట్ల మీదే కూర్చున్నాం.

కడియం మొక్క · జనవరి 27, రాత్రి 10:40

మా ఊరు వచ్చారా అండి?

ఇందూరు అమ్మాయి · జనవరి 28, ఉదయం 7:05

వచ్చాం, రాయడం మర్చిపోయాను! 24 పొద్దున్న ఎనిమిదింటికి. ఒక నర్సరీలో ఒకావిడ నిమ్మకొమ్మలకి గూటీ కడుతోంది. పెన్సిలంత కొమ్మ మీద చిన్న కత్తితో చుట్టూరా గీత పెట్టి, బొటనవేలంత మేర బెరడు ఉంగరంలా ఒలిచేసింది. తడిపిన నాచు ముద్దని అక్కడ పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు వైపులా బిగించింది. ఒక్కోదానికి నిమిషం కూడా పట్టలేదు. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగలేక ఆ చోటే ఆగి వేర్లు పుట్టిస్తుందట. వేర్లు కనిపించాక కొమ్మ కోసి నాటేస్తారు. పెద్దమ్మ రెండు నిమ్మ అంట్లు కొంది.

శివయాత్రి గారూ, మీకు ముఖ్యంగా చెప్పాలి. అమ్మ ద్రాక్షారామంలో పైకి ఎక్కింది. సామర్లకోటలోనూ ఎక్కింది, మధ్యలో రెండుసార్లు ఆగి. అక్కడ మీ అమ్మగారి పేరున కూడా దండం పెట్టమని అమ్మకి చెప్పాను. పేరు తెలియదు కదా, "ఆ అబ్బాయి వాళ్ళమ్మ" అని దండం పెట్టుకుంది.

శివయాత్రి · జనవరి 28, ఉదయం 9:30

అమ్మా, మీ అమ్మగారికి నా పాదనమస్కారాలు చెప్పండి. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

చిత్రలేఖ · జనవరి 28, మధ్యాహ్నం 12:45

పాప గీసిన చెయ్యి ఫోటో తీసి పెట్టండి. ఆరుసార్లు చెరిపిన గుర్తులతో సహా కావాలి నాకు.

తెనాలి రఘు · ఫిబ్రవరి 2, రాత్రి 8:30

చర్చ మొత్తం చదివాను. వచ్చే నెల మా నాన్నగారిని తీసుకొస్తున్నాం, ఆయన వీల్‌చైర్‌లోనే ఉంటారు. పుష్కర ఘాట్ దగ్గర మెట్లు దిగకుండా నీళ్ళు కనిపించేలా కూర్చోబెట్టే చోటుందా అండి?

గట్టుమీద · ఫిబ్రవరి 2, రాత్రి 9:10

ఉందండి. ఘాట్ పైన గట్టు దాకా ఆటో వస్తుంది. అక్కడే కుర్చీ ఆపితే నది, వంతెనలు అన్నీ కనిపిస్తాయి. శని, ఆదివారాలు, పౌర్ణమి రోజులు జనం ఎక్కువ, కుర్చీ తిప్పడం కష్టం. మామూలు రోజు పొద్దున్న రండి. తారీఖు ఇక్కడ రాయండి, నేను గట్టు మీదే ఉంటాను. కుర్చీ పట్టడానికి ఇంకో ఇద్దరు కుర్రాళ్ళని కూడా పిలుస్తాను.